ఇంటి ముచ్చట్లు: ఫైటరు చేపకు తోడెవరు?

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో చాలాభాగం మామూలువే. ఆవకాయ పైన బూజు ఎందుకు కడుతుందని ఇద్దరు అడిగారు. మంచి కుంకుడుకాయలు దొరకడం లేదని షోలాపురం నుండి ఒకావిడ బాధపడ్డారు. వారికి విడిగా జవాబులు వ్రాస్తాను. హోసూరు నుండి వచ్చిన ఉత్తరం ఒకటి మాత్రం రెండు రోజులు నా బల్ల మీదనే ఉండిపోయింది. పేరు వేయవద్దన్నారు గనుక వేయడం లేదు.

ఆ అమ్మాయి తండ్రిగారు బళ్లారిలో ఉంటారు. బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. క్రిందటేడు భార్య పోయారు. కూతురు ఎంత పిలిచినా హోసూరు రానన్నారు, ఆ ఇల్లు వదలనన్నారు. సెలవులకు వెళ్లిన మనవరాలు తాతగారికి కాలక్షేపంగా ఉంటుందని ఒక గాజుగిన్నెలో నీలం రంగు ఫైటరు చేపను కొని పెట్టి వచ్చింది. ఆయన దానికి బాగా అలవాటుపడ్డారు. ఉదయం కాఫీ తాగుతూ దానితో మాట్లాడతారట. ఈ మధ్య ఫోను చేసి, “అమ్మా, ఇది ఒక్కటే ఉంటోంది, పాపం. ఈసారి వచ్చేటప్పుడు దీనికొక తోడు తీసుకురా” అన్నారట. అంతవరకు ఊరుకోలేక, తల్లిగారు బొట్టు పెట్టుకునే చేతిఅద్దం ఉండేదట, దానిని తెచ్చి గిన్నెకు ఆనించి పెట్టారు. “నాయన ఏమంటున్నారంటే, అద్దం పెట్టినప్పటి నుండి చేప పొద్దస్తమానం రెక్కలు విప్పి నాట్యం చేస్తోందట. దానికి ఎంత సంతోషమో చూడు అంటున్నారు. దుకాణంలో అడిగితే రెండు గప్పీలు గాని, ఒక గోల్డుఫిష్ గాని వేయండి, సరిపోతుంది అన్నారు. ఆడ ఫైటరును తెస్తే ఇంకా మంచిదేమో? మీ ఇంట్లో చేపలు ఉన్నాయని ఒకసారి వ్రాశారు గనుక అడుగుతున్నాను” అని ఆమె ప్రశ్న.

మా ఇంట్లో చేపలున్న మాట నిజమే. ముప్పై ఏళ్లుగా ఉన్నాయి. చెన్నైలో ఉండి, కొళత్తూరు అంగళ్లకు అంత దగ్గరగా ఉండి, ఆ పిచ్చి అంటకుండా ఉండడం కష్టం. రంగు చేపల పెంపకానికి, అమ్మకానికి కొళత్తూరు దేశమంతటా పేరుపడ్డ చోటు. ‘వణ్ణ మీన్’ అని వ్రాసిన పలకలు వీధి పొడవునా కనిపిస్తాయి. అయితే నేను నేర్చుకున్నదంతా పుస్తకాలు చూసి నేర్చుకోలేదు. చాలావరకు చేపలను పోగొట్టుకుని నేర్చుకున్నాను. ఈ అమ్మాయికి ఆ నష్టం తప్పిద్దామనే ఇంత పొడుగు జవాబు.

ముందు అద్దం సంగతి. అమ్మాయీ, ఆ అద్దం తీయించెయ్యి. మీ నాయనగారు చూస్తున్నది నాట్యం కాదు. ఎదుట ఇంకొక మగచేప తన చోటికి వచ్చి నిలబడిందని అది అనుకుంటోంది. మొప్పల మీది మూతలు విప్పి, రెక్కలన్నీ సాచి, ఒళ్లు పెద్దదిగా చూపి, “పోతావా పోవా” అని బెదిరిస్తోంది. నిజంగా ఎదుట ఉన్నది చేపయితే రెండిటిలో ఒకటి ఓడి తప్పుకుంటుంది. అద్దంలోది ఎన్నటికీ తప్పుకోదు. ఇది రెక్క విప్పితే అదీ విప్పుతుంది. ఇట్లా రోజంతా సాగితే చేప అలసిపోతుంది, తిండి తగ్గుతుంది. అప్పుడప్పుడు రెండు నిమిషాలు చూపితే ప్రమాదమేమీ లేదు. పొద్దస్తమానం మాత్రం కూడదు. గిన్నె దగ్గర దీపం వెలుగుతూ గది చీకటిగా ఉంటే గాజు కూడా అద్దమైపోతుంది. రాత్రిపూట ఆ దీపం ఆర్పమని చెప్పాలి.

ఇది ఆయనతో ఎట్లా చెప్పాలన్నది వేరే చిక్కు. ఆ అద్దం ఎవరిదో తలుచుకుంటే నాకే కలం ఆగింది. “అది కోపం నాయనా, సంతోషం కాదు” అని ఫోనులో చెప్పవద్దు. ఈసారి వెళ్లినప్పుడు ఆయన ప్రక్కనే కూర్చుని, అద్దం ఉన్నప్పుడొక పది నిమిషాలు, తీసేశాక ఒక పది నిమిషాలు చేపను ఇద్దరూ చూడండి. అన్నేళ్లు పిల్లలను కనిపెట్టి చూసిన పంతులుగారు, తేడా ఆయనే పట్టుకుంటారు.

ఇక తోడు మాట. ఈ చేప పుట్టుక తెలిస్తే గాని ఈ ప్రశ్నకు జవాబు కుదరదు. దీని స్వస్థలం సయాం, అంటే నేటి థాయిలాండు. వరిచేలలో, చిత్తడి నేలలలో, మొక్కలు దట్టంగా పెరిగిన లోతులేని నీళ్లలో బ్రతుకుతుంది. మన గోదావరి జిల్లాలలో సంక్రాంతికి కోళ్లను దింపినట్లు అక్కడివాళ్లు వీటిని పందేలకు దింపేవారు. పౌరుషం గలవాటిని ఏరి ఏరి పెంచారు. ఈ చేపను మనుషులు పెంచడం కనీసం వెయ్యేళ్ల క్రిందటే మొదలైందని 2022లో వెలువడిన జన్యు పరిశోధన ఒకటి తేల్చింది. శాస్త్రజ్ఞులు మొదట దీనిని వేరే చేపగా పొరబడ్డారు. 1910లో రీగన్ అనే ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు ఆ పొరపాటు సరిదిద్ది బెట్టా స్ప్లెండెన్స్ అని పేరు పెట్టాడు. 2019లో థాయిలాండు ప్రభుత్వం దీనిని తమ జాతీయ జలచరంగా ప్రకటించింది. ఇంత చరిత్ర గల ప్రాణిని మన దుకాణాలలో టీ గ్లాసంత సీసాలో పెట్టి అమ్ముతారు!

ఆ సీసాలో ఎట్లా బ్రతుకుతుందంటారా? మన కొరమీనులాగా ఇది కూడా నీటి పైకి వచ్చి గాలి పీల్చగలదు. తలలో మొప్పల పైన మడతలు మడతలుగా ఒక ప్రత్యేకమైన అవయవం ఉన్నది. నీటిలో ప్రాణవాయువు తక్కువైనా ప్రాణం పోదు. దుకాణదారు దీనిని చూపి, “దీనికి చిన్న సీసాయే ఇష్టం అమ్మా” అంటాడు. చావకుండా ఉండడం వేరు, సుఖంగా ఉండడం వేరు. మగపిల్లలు మూడు నెలల వయసు వచ్చేసరికి ఒకదాన్నొకటి చీల్చుకుంటాయి గనుక విడివిడిగా పెట్టడం పెంపకందారులకు తప్పదు. సీసాలు అక్కడ మొదలయ్యాయి గాని చేప కోరుకోలేదు.

ఇంత కొట్లాట దేనికంటే, గూటి కోసం. మగచేప నోటితో గాలి మింగి, దానిని నురుగు బుడగలుగా నీటి పైన కూరుస్తుంది. అదే దాని గూడు. గుడ్లను కాపాడేది, జారిపడిన గుడ్డును నోటితో పట్టి మళ్లీ గూటిలో పెట్టేది తండ్రే. కాబట్టి ఆ గూడు చుట్టూ ఉన్న నీళ్లు దాని జాగీరు. అందులోకి తనలాంటిది ఏది వచ్చినా ఊరుకోదు. ఒక్కోసారి మీ నాయనగారి గిన్నెలో కూడా నురుగు తేలుతుంది. సబ్బు కలిసిందేమోనని ఆయన కంగారుపడతారు, ముందే చెప్పి ఉంచు. అది ఆరోగ్యంగా ఉన్న మగచేప చేసే పనే. పెండ్లి చేయమని అడగడం కాదు.

ఆడచేపను తేవడం అందుకే వద్దంటున్నాను. గుడ్లు పెట్టే ఆ కొద్దిసేపు తప్ప మగది ఆడదానిని దగ్గరకు రానీయదు. గుడ్లు పెట్టడం అవగానే ఆడదానిని తీసి వేరే ఉంచకపోతే తరిమి తరిమి చంపినా చంపుతుంది. గుడ్లకు సిద్ధంగా లేనిదానిని వేస్తే తరమడం మొదటి గంటలోనే. అనుభవం ఉన్న పెంపకందారులు సైతం ఇద్దరినీ ఒకచోట పెట్టేది గుడ్ల కోసమే, అదీ కళ్ల ముందు.

కనుక ఆ గిన్నెలోని చేపకు ఒంటరితనం లేదు, అమ్మాయీ. గుంపుగా తిరిగే జాతి కాదది. నీళ్లు శుభ్రంగా, వెచ్చగా ఉండి, ఈదడానికి చోటు, దాగడానికి ఒక ఆకు ఉంటే తనంతట తాను హాయిగా ఉంటుంది. తోడు తేకపోయినా అన్యాయమేమీ జరగదు. ఒకవేళ మీ నాయనగారికే తొట్టిలో నాలుగు చేపలు తిరుగుతుంటే చూడాలని ఉంటే, అది న్యాయమైన కోరికే. జాగ్రత్తగా చేస్తే తీరుతుంది కూడా. కాని ఆ గిన్నెలో మాత్రం ఎంతమాత్రం కాదు.

దుకాణదారు చెప్పిన రెండు సలహాలూ తప్పే. గప్పీల సంగతి నా అనుభవం చెబుతాను. మా పెద్దవాడు చిన్నప్పుడు పుట్టినరోజు డబ్బులతో ఎర్ర ఫైటరు నొకదానిని కొన్నాడు. ఇంట్లో అప్పటికే గప్పీల తొట్టి ఉన్నది. పది గప్పీలు ఇట్లాంటి శాంతమైన చేపలు కదా అని నేనే వేయమన్నాను. మగ గప్పీకి విసనకర్రలాగా పెద్ద తోక, రంగురంగులుగా ఉంటుంది. మన కంటికి అది ముచ్చట. ఫైటరు కంటికి అది చిన్నసైజు శత్రువు. మర్నాడు తెల్లవారి చూస్తే మగ గప్పీలు మూడు తోకలు లేకుండా అడుగున పడి ఉన్నాయి. పిల్లవాడు ఏడ్చి, “ఇది చెడ్డ చేప, నాకు వద్దు” అని వారం రోజులు దాని ముఖం చూడలేదు. తప్పు చేపది కాదు, నాది అని చెబితే వాడు నమ్మలేదు. ఇప్పుడు వాడికి పిల్లలు పుట్టారు, అయినా ఆ మూడు గప్పీల మాట ఎత్తి దెప్పుతూనే ఉంటాడు.

రెండోసారి బుద్ధి తెచ్చుకున్నాననుకున్నాను. తోక పెద్దవి గానివి, ఒంటి మీద నల్ల పట్టీలు గలవి, టైగర్ బార్బులు ఆరు తెచ్చాను. చురుకైనవి, అందమైనవి. ఈసారి కథ తిరగబడింది. ఫైటరు పొడుగాటి రెక్కలు నీటిలో పమిట చెంగులాగా ఆడుతుంటాయి గదా, ఆ బార్బులకు అవి చూస్తే పండ్లు దురద. ఒకటి ముందు నుండి రెచ్చగొడితే ఇంకొకటి వెనక నుండి కొరుకుతుంది. నాలుగు రోజులలో మా ఫైటరు రెక్కలు చింపిరి గుడ్డలయ్యాయి. మూల నక్కి తిండి మానేసింది. వేరే తొట్టిలో పెట్టి రోజూ నీళ్లు మారుస్తే రెక్కలు నెమ్మదిగా పెరిగాయి గాని మునుపటి సొగసు రాలేదు. అప్పుడు గాని నాకు తెలియలేదు, ఫైటరుకు తోడు వెతకడమంటే దాని నుండి ఇతరులను కాపాడడం ఒక్కటే కాదు, ఇతరుల నుండి దానిని కాపాడడం కూడా అని. పేరు చూసి మోసపోకూడదు. ఫైటరు వట్టి కోపిష్టి, అంతే. పొడుగు రెక్కలతో త్వరగా ఈదనైనా ఈదలేదు.

గోల్డుఫిష్ వద్దనడానికి కారణం కొట్లాట కాదు. దానికి చల్లని నీళ్లు హితం, దీనికి 25 నుండి 28 డిగ్రీల వెచ్చదనం కావాలి. పైగా గోల్డుఫిష్ పెద్దదిగా పెరుగుతుంది, తిండి ఎక్కువ, చేసే మురికి ఎక్కువ. గౌరామీలు అసలే వద్దు. అవి ఫైటరుకు దగ్గరి చుట్టాలు. గాలి పీల్చే అవయవం, నురుగు గూడు అంతా ఒకటే తీరు. దాయాదుల పోరు ఎట్లా ఉంటుందో నేను చెప్పాలా? ఏంజెల్ చేప పిల్లగా ఉన్నప్పుడు రూపాయి బిళ్లంత ఉంటుంది గాని పెరిగి అరచేయంత అవుతుంది, తన జాగా తాను పట్టుకుంటుంది. వాస్తుకు మంచిదని చెప్పి అమ్మే ఫ్లవర్‌హార్న్ ఉన్నదే, నుదురు బుడిపెలాగా ఉబ్బి ఉంటుంది, దాని ప్రక్కన ఏ చేపనూ ఊహించవద్దు. అది మలేషియాలో 1990ల ప్రాంతంలో మనుషులు కలిపి పుట్టించిన సంకరజాతి. ఒంటరిగా ఉంచడమే దానికీ, మిగిలినవాటికీ క్షేమం. వాస్తు సంగతి మరొకరు చెప్పాలి.

‘సక్కరు’ అని ఇంకొకటి అంటగడతారు, తొట్టి గాజును నాకి శుభ్రం చేస్తుందని. కొన్నప్పుడు వేలెడంత ఉంటుంది. పెరిగితే అడుగు దాటుతుంది. అప్పుడు దిక్కుతోచక దానిని తీసుకుపోయి ఊరి చెరువులో వదిలేవాళ్లు ఎందరో! ఆ వదిలినవే పెరిగి, పిల్లలు పెట్టి, మన చెరువులలో స్థానికమైన చేపలకు ఎసరు పెట్టాయి. జాలరుల వలలను పాడు చేస్తున్నాయి. తొట్టి చేపను చెరువులో వదలడం దయ కాదు. వద్దనుకుంటే పెంచుకునే వారికి ఇవ్వాలి, లేదా దుకాణానికి తిరిగి ఇవ్వాలి.

మరి ఎవరిని తేవాలి? సూత్రం తేలికే. ఫైటరు పై నీళ్ల చేప. నోరు పైకి తిరిగి ఉంటుంది, నీటి మీద వాలిన పురుగును, దోమపిల్లను అందుకోవడానికి. కనుక తోడు వచ్చేవి నడిమి నీళ్లలోనో అడుగునో తిరిగేవి కావాలి. తోకలు పొట్టివి, ఒంటి రంగు అంత మెరిసిపోనివి, కొరికే అలవాటు లేనివి, ఫైటరు నోట పట్టనంత ఉండేవి, వెచ్చని నీటికి ఒప్పుకునేవి. ఇన్నీ కలిసినవి వెతికితే నాలుగైదు దొరుకుతాయి.

నా మొదటి వోటు హార్లెక్విన్ రస్బోరాకు. మలయా, థాయిలాండు ప్రాంతాలదే, అంటే ఫైటరుకు ఇరుగుపొరుగు. రెండంగుళాలకు మించదు. రాగి రంగు ఒంటి మీద వెనక సగంలో నల్లని త్రికోణం ఉంటుంది. నడిమి నీళ్లలో గుంపుగా తిరుగుతుంది, ఎవరి జోలికీ పోదు. ఇక్కడే తమాషా ఉన్నది. ఫైటరుకు తోడు అక్కర్లేదన్నాను గదా, ఈ రస్బోరాకు మాత్రం తోడు లేకపోతే జరగదు. ఒకటో రెండో తెస్తే బెదిరి మూల నక్కుతుంది, రంగు వెలిసిపోతుంది. కనీసం ఆరు ఉండాలి. “ఒక తోడు తీసుకురా” అన్న మీ నాయనగారి మాట ప్రకారం ఒక్కదానినే తెస్తే, నిజంగా ఒంటరిదైన చేప ఆ తొట్టిలో అప్పుడు పుడుతుంది.

రెండోది కోరిడోరాస్. మన జెల్లల తరహా, దక్షిణ అమెరికాది. మీసాలతో అడుగున వెతుక్కుంటూ తిరుగుతుంది. ఇదీ ఆరింటికి తక్కువ వద్దు. దీనికి మెత్తని ఇసుక పరచాలి. పదునైన గులకరాళ్లయితే మీసాలు అరిగి పుండ్లు పడతాయి. పైన మిగిలినది తిని బ్రతుకుతుందిలే అనుకోకుండా, మునిగే బిళ్ల తిండి దీనికి ప్రత్యేకంగా వేయాలి.

కూలీ లోచ్ అని పాములాగా సన్నగా, పట్టెలతో ఉండే చేప ఇంకొకటి. కూలీ అనగానే పనిమనిషి అనుకున్నారేమో, తొట్టి ఊడ్చిపెడుతుందని చెప్పి అమ్ముతారు. ఆ పేరు కూల్ అనే జర్మను ప్రకృతి శాస్త్రజ్ఞుని పేరు మీద వచ్చినది. ఆయన 1821లో జావాలో మరణించాడు. ఊడ్పు పనికీ దానికీ సంబంధం లేదు. చేప మంచిదే గాని పగలంతా రాయి క్రింద దాగి రాత్రి తిరుగుతుంది. కాఫీవేళ చూసుకోవాలనుకునే మీ నాయనగారికి పనికిరాదు. నత్త ఒకటి వేసుకోవచ్చును. చిన్న రొయ్యలను మాత్రం ఫైటరు పలహారం చేస్తుంది.

రస్బోరాలు ఆరూ ఒక నత్తా, లేదా కోరిడోరాస్ ఆరూ ఒక నత్తా. రెండు గుంపులూ ఒకేసారి వద్దు. పెద్దవయసులో నీళ్లు మోయవలసింది ఆయన.

తొట్టి రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తుది తీసుకో. అంచుదాకా నింపితే సుమారు 56 లీటర్లు పడుతుంది. బరువు అరవై కిలోల పైమాటే గనుక గట్టి బల్ల మీద పెట్టించు. పైన మూత తప్పనిసరి, ఫైటరు ఎగురుతుంది. మూతకూ నీటికీ మధ్య రెండంగుళాలు గాలి ఉండాలి. వడపోతకు స్పాంజి రకం చాలు. నీళ్లను గట్టిగా తోసే యంత్రమైతే పొడుగు రెక్కల చేప ఈదలేక అలసిపోతుంది. మొక్కలు దట్టంగా ఉంటే సగం తగాదాలు ఉండవు, ఎందుకంటే ఒకరికొకరు కనబడరు. మీ వీధిలో బాదం చెట్టు ఉంటే, రాలి ఎండిన ఆకును కడిగి ఒకటి నీటిలో వేయమను. నీళ్లకు పలుచని టీ రంగు వస్తుంది. ఈ చేపలకు అది పుట్టింటి నీళ్ల రంగు.

ఇప్పుడు ఓపిక పట్టవలసిన భాగం. కొత్త తొట్టిలో నీళ్లు పోసిన రోజే చేపలను వేస్తే పోతాయి. చేపల మలమూత్రాల నుండి అమ్మోనియా పుడుతుంది, అది విషం. దానిని నైట్రైటుగా, తరువాత అంతగా హాని చేయని నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు వడపోత స్పాంజిలో కాపురం పెట్టాలి. దానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. పాలకు తోడు వేసినట్లే, చేపలున్న వారింట్లో నడుస్తున్న స్పాంజి ముక్క దొరికితే ఈ వ్యవధి బాగా తగ్గుతుంది. అంతవరకు తొట్టిలో మొక్కలు నాటుకుని, రోజూ చిటికెడు తిండి వేసి వడపోత నడపాలి. ఫైటరు గిన్నెలోనే ఉంటుంది, రెండు మూడు రోజులకొకసారి సగం నీళ్లు మారుస్తూ ఉండాలి. కుళాయి నీళ్లయితే ఒక రోజు బకెట్టులో నిలవ ఉంచితే క్లోరిన్ పోతుంది. కొన్ని ఊళ్లలో క్లోరమైన్ కలుపుతారు, అది నిలవ ఉంచినా పోదు. దుకాణంలో దానికి చుక్కల మందు దొరుకుతుంది.

తొట్టి సిద్ధమయ్యాక ముందు తోడు చేపలు వెళ్లాలి, ఫైటరు కాదు. ఇది మరిచిపోవద్దు. ముందు దిగినవాడిదే ఇల్లు. ఫైటరు ముందు దిగితే తొట్టి అంతా తనదనుకుంటుంది, తరువాత వచ్చినవన్నీ చొరబాటుదారులే. రస్బోరాలు రెండు వారాలు ముందుగా ఉంటే వాటికి చోటు అలవాటవుతుంది. ఏదైనా జబ్బు మోసుకొచ్చి ఉంటే ఆ రెండు వారాలలో బయటపడుతుంది. ఇంతకుముందే ఫైటరును తొట్టిలో వేసుకుని ఉన్నవారు, దానిని ఒక పూట బయటికి తీసి, రాళ్లు, మొక్కలు స్థానాలు మార్చి, కొత్తవాటిని వదిలి, ఆ తరువాత దానిని వదలాలి. గుర్తులు మారిపోయేసరికి అది కూడా కొత్త అద్దెకుండే మనిషి అవుతుంది.

వదిలే రోజున సాయంకాలం, దీపం ఆర్పి, ఫైటరుకు కడుపు నింపి వదలండి. మొదటి గంట ఎవరైనా ఎదుట కూర్చోవాలి. రెండు మూడు సార్లు రెక్కలు విప్పుతుంది, ఒకసారి తరుముతుంది, అది మామూలే. మర్నాటికి కూడా తరమడం మానకపోతే, లేదా ఏ చేప తోకైనా చినిగితే, ఫైటరును గిన్నెలోకి మార్చెయ్యండి. అందుచేత ఆ గిన్నెను ఎవరికీ ఇచ్చివేయవద్దు. ఒకే తల్లి కడుపున పుట్టిన ఫైటర్లలో కూడా ఒకటి సాధువు, ఒకటి రాక్షసి. మీ నీలం చేప ఎటువంటిదో వేసి చూస్తే గాని తెలియదు. ఒంటరిగా తప్ప ఉండలేనిదైతే, పెద్ద తొట్టిలో దానినే ఉంచి, రస్బోరాలను ఎవరికైనా ఇచ్చివేయవలసి వస్తుంది. ముందే మనసులో పెట్టుకోండి.

బళ్లారి ఎండల మాట కూడా చెప్పాలి. నీళ్లు వేడెక్కితే వాటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. కరెంటు పోయి గాలి పంపు ఆగితే ఫైటరు పైకి వచ్చి గాలి మింగి బ్రతుకుతుంది, కోరిడోరాస్ కూడా కొంతవరకు అట్లాగే. రస్బోరాలకు ఆ విద్య లేదు. తోడుగా తెచ్చినవే ముందు పోతాయి. తొట్టిని కిటికీ దగ్గర పెట్టవద్దు. బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు ఒకటి కొని ఉంచు. నడివేసవిలో మూత కాస్త ఎత్తి, సందుకు వలగుడ్డ కట్టి, నీటి మీద ఫ్యాను గాలి తగలనిస్తే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. బెంగుళూరులో ఉన్నవారికి ఇందుకు విరుద్ధం, చలికాలం హీటరు కావలసి వస్తుంది.

తిండి రోజుకు రెండు పూటలా నాలుగేసి గింజలు. ఎక్కువ వేయడం ప్రేమ గల పెద్దలందరూ చేసే పొరపాటే. మిగిలినది కుళ్లి నీళ్లు చెడుతాయి. వారానికొకసారి పావువంతు నీళ్లు మార్చాలి, ఆ మోత మోయడానికి ప్రక్కింటి కుర్రవాడిని మాట్లాడి పెట్టు. ఇంకొక మాట. ఫైటరు ఆయుర్దాయం రెండు మూడేళ్లు, బాగా చూస్తే నాలుగు. దుకాణంలో కొన్ననాటికే దానికి అయిదారు నెలలో, ఏడాదో నిండి ఉంటుంది. ఈ సంగతి మీ నాయనగారికి ఇప్పుడే, మాటల మధ్య చెప్పి ఉంచడం నయమని నా అభిప్రాయం. వద్దనిపిస్తే వద్దు, ఆయన సంగతి నీకే బాగా తెలుసు.

వచ్చే నెలలో బళ్లారి వెళ్తానన్నావు. తొట్టి, ఇసుక, స్పాంజి ఆ ప్రయాణంలో పట్టుకుపో. మొక్కలు ఆయన చేతనే నాటించు. రస్బోరాలు ఆ పై ప్రయాణంలో. అద్దం మాత్రం ఎప్పుడూ ఉండే చోటనే మళ్లీ పెట్టమను. అవి ఎట్లా కలిసి ఉన్నాయో వ్రాయి. బాగా లేకపోయినా వ్రాయి.

ఆవకాయ బూజు సంగతి వచ్చే సంచికలో.